మా ఊరి యిండ్లలో రెండు చాబి గడియారములు

సెల్‌ఫోనులోనే వేళ తెలియుచుండగా చేతిగడియారముతో నేమి పని యని పలుకు కాలమిది. అయినను మా గోదావరిఖనిలో, ప్రతిదినమును చాబి త్రిప్పి నడుపుకొనవలసిన పాతతీరు గడియారములపై మరల మక్కువ పుట్టినది. ఉద్యోగము విరమించు తండ్రికి కుమారులును, పెండ్లికొడుకునకు బావమఱదులును వానినే కానుకగా నిచ్చుచున్నారు. అందును రెండు పేర్లు తఱచుగా వినవచ్చుచున్నవి. ఒకటి జనతా, రెండవది పైలట్. రెండును హెచ్.ఎమ్.టి. వారివే.

"ఈ రెంటిలో నేది మేలు?" అని మా యెఱుకలోని సోదరీమణులు కొందఱు మమ్మడిగిరి. మా యింటివారు బడిపంతులు. ఏది యడిగినను పంతులుగారి యింట తెలియునని యిరుగుపొరుగువారి నమ్మకము. గడియారములు పెట్టుకొన్న మగవారి యభిప్రాయములకు కొదువ లేదు. ఆ గడియారమును మేకునకు తగిలించి, దానిని చూచుచు వంట చేసి, దానిని చూచుచు పెనిమిటి రాకకై యెదురుచూచిన యిల్లాండ్ర నడిగినవారు మాత్రము మాకు కానరాలేదు. అందువలన ఎయిటింక్లైన్ కాలనీ, మార్కండేయకాలనీ, గంగానగరములలో మాకు పరిచయమున్న యిండ్లకు పోయి, వారు చెప్పినదానిని విని వచ్చి యిచ్చట వ్రాయుచున్నాము.

ఈ గడియారముల పుట్టుక తెలియని పిన్నలకై కొంచెము చెప్పవలసియున్నది. హిందూస్థాన్ మెషీన్ టూల్స్ అను ప్రభుత్వసంస్థ 1953లో బెంగుళూరున స్థాపింపబడినది. యంత్రములను చేయు యంత్రములను తయారుచేయుట దాని మొదటి పని. 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ తోడ్పాటుతో అచ్చటనే చేతిగడియారముల కర్మాగారమును తెఱచిరి. మొదటి గడియారములను నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారు విడుదల చేసిరి. తరువాత శ్రీనగరునను, తుముకూరునను, రాణీబాగునను మఱికొన్ని కర్మాగారములు వెలసినవి. మా యూరిలో బొగ్గుగనులు తెఱచినదియు నించుమించుగా ఆ తొలిదినములలోనే గనుక, గనిపనికి వచ్చినవారి మొదటి జీతములతో కొన్న గడియారములు పెక్కిండ్లలో హెచ్.ఎమ్.టి. వారివే యగుట వింత కాదు. ఇంతలో 1969లో జపాను దేశపు సీకో సంస్థ స్ఫటికముతో నడుచు చేతిగడియారమును లోకమునకు చూపెను. చాబి యక్కఱలేదు, తప్పు నడక లేదు, వెల నానాటికి దిగినది. 1987 నుండి టైటన్ వారు మన దేశమున నట్టివానిని అందముగా చేసి యమ్మిరి. హెచ్.ఎమ్.టి. గడియారముల సంస్థను మూసివేయుటకు కేంద్రమంత్రివర్గము 2016 జనవరిలో సమ్మతించినది. అయినను హెచ్.ఎమ్.టి. పేరుతో కూర్చిన పాతతీరు గడియారములు నేటికిని అమ్మకమునకు వచ్చుచునే యున్నవి. తాతల నాటివానిని బాగుచేసి యమ్మువారును కలరు. వారి సంగతి తరువాత చెప్పెదము. అది జాగ్రత్తగా వినవలసిన సంగతి.

జనతా ముఖము తెలుపు. సన్నని ముళ్లు, ఏ యాడంబరమును లేదు. కొన్నింటిపై అంకెలు దేవనాగరిలో నుండును. పైలట్ ముఖము నలుపు. దానిపై పెద్ద పెద్ద అంకెలు, వెడల్పైన ముళ్లు. అంకెలకును ముళ్లకును చీకటిలో మెఱయు పూత. రెండింటను తేదీ లేదు. చూచుటకు నింత భేదమున్నను, వెనుక మూత విప్పి చూచిన లోపలి యంత్రమొకటే తీరుది. చాబి త్రిప్పినపుడు చుట్టుకొను స్ప్రింగు, దాని బలముతో సెకనుకు అయిదు మారులు కొట్టుకొను చక్రము, ఇరుసులరుగకుండ అమర్చిన 17 కెంపురాళ్లు. కెంపులనగానే వెలగలవని మురియవలదు. అవి మంటలో కరగించి చేసిన కృత్రిమపు కెంపులు. నిండుగా చాబి యిచ్చిన నొక దినమున్నర వఱకు నడుచును. కావున ఒకటి కచ్చితముగా నడుచునని, రెండవది నడువదని యెవరైన చెప్పిన, అది ఆ యొక్క గడియారము వయస్సును, దానికి జరిగిన చాకిరిని బట్టి చెప్పినదే కాని, జనతా పైలట్ల భేదమును బట్టి కాదు.

మొదట మగవారి మాట. ఓవర్‌మాన్‌గా పనిచేసి విరమించిన పెద్ద యొకరు జనతాను మెచ్చుకొనిరి. అది పెద్దమనిషి గడియారమట. తెల్లచొక్కా చేతి క్రింద నణగియుండి, వేళ చూచినపుడే కనబడును. పైలట్‌ను చూపి, "గది సిపాయోని గడియారం, పంతులమ్మా. పోరగాండ్లకు సొగసు" అనిరి. ఆయన కుమారునకు సరిగా ఆ సిపాయి సొగసే నచ్చి పైలట్ తెప్పించుకొనెను. అతడు రెండు మాసములు శ్రద్ధగా చాబి త్రిప్పెను; ఇప్పుడది బీరువా సొరుగులో నున్నది. మగవారి యభిప్రాయములన్నియు నించుమించుగా నిట్లే యుండెను. పైలట్ మగతనము గలది, జనతా మర్యాద గలది. ఈ మాటలు గడియారమును గూర్చినవో, పెట్టుకొన్నవారిని గూర్చినవో మాకు బోధపడలేదు.

"బాయి దిగునప్పుడు జనతా పెట్టుకొనెడివారా?" అని యా పెద్దను మేమడిగితిమి.

"యాడిదమ్మా! బాయిల బొగ్గుపొడి, చెమట. ఇంట్ల మేకుకు తగిలిచ్చి పోయేటోన్ని."

ఈ యొక్క మాటతో మా విచారణ దారి మాఱినది. గనులలోనికి కొందఱు గడియారము పెట్టుకొనియే పోయెడివారు. వాయువు పుట్టు గనిలోనికి అగ్గిపెట్టెను బీడీని దిగనీయరు. అనుమతి లేని విద్యుద్వస్తువును తీసికొనిపోరాదు. చాబి గడియారమున నిప్పురవ్వకు తావు లేదు గనుక దానిపై నట్టి జంకుండదు. అయినను బొగ్గుపొడికి వెఱచి పెక్కుమంది దానిని ఇంటనే యుంచిరి. గడియారము యజమాని భూమి క్రింద నుండగా, ఆ యెనిమిది గంటలును దానిని చూచినది యెవరు? ఇల్లాలు. కొన్నవాడొకడు, వాడుకొన్నది వేఱొకతె.

ఇల్లాండ్ర నడిగినపుడు తీర్పు తలక్రిందులైనది. సిపాయి గడియారమని మగవారు పక్కకు పెట్టిన పైలట్‌ను మెచ్చుకొన్నవారిలో నెక్కువమంది ఆడవారే. కారణము వంట. మొదటి షిఫ్టునకు పోవు మనిషికి అన్నము కట్టవలెనన్న తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేవవలెను. పాత క్వార్టర్లలో నున్నది ఒకటే గది. అందులో పిల్లలు, అత్తమామలు, రాత్రి షిఫ్టు చేసి వచ్చి పండుకొన్న మఱిదియు. దీపము వేసి వేళ చూచుటకు వీలు లేదు. పండుకొనుటకు ముందు బల్బు క్రింద పైలట్‌ను కొంతసేపుంచి, దిండు ప్రక్కన పెట్టుకొన్నచో నడిరేయి మెలకువ వచ్చినను ఆకుపచ్చని ముళ్లు కనబడునట. గంటలు గడచిన కొలది ఆ వెలుగు సన్నగిలుననియు, నాలుగింటికి కన్ను చీకటికి బాగుగా నలవడియున్ననే తెలియుననియు నొక సోదరి చెప్పినది. "అలారం పెడితె అందరు లేస్తరక్కా. గిది నన్నొక్కదాన్నే లేపుతది" అని ఆమె నవ్వినది. అలారములేని గడియారమున కింతకన్న మెప్పేమి కావలెను?

మఱి గనిలో నీ వెలుగు పనికివచ్చెడిదా? అక్కడ మనిషి టోపీకే దీపముండును. తల వంచిన చాలు, తెల్లని ముఖముగల జనతాయే తేటగా కనబడును. చీకటిలో పనిచేయువానికి తెల్లముఖమును, దీపమున్న యింటిలో మసలుదానికి చీకటి గడియారమును మేలగుట విచిత్రమే.

ఈ మెఱయు పూతను మనవారు "రేడియం" అందురు. బండ్ల వెనుక నంటించు కాగితము కూడ మనకు రేడియమే. నేటి గడియారములలో నున్నది రేడియము కాదు. వెలుతురును త్రాగి కొంతసేపు మరల వెడలగ్రక్కు స్ట్రాన్షియమ్ అల్యూమినేటు మొదలైన ద్రవ్యములు. జపాను వారు 1993లో కనిపెట్టిన యీ తీరు పూత వలన హాని లేదు. కాని యొకప్పుడు నిజముగా రేడియమునే పూసెడివారు. అమెరికాలోని న్యూజెర్సీలో 1910ల తుదినుండి 1920ల వఱకు పడుచుపిల్లలు గడియారపు ముఖములపై అంకెలు దిద్దుపనికి పోయెడివారు. కుంచె మొన సన్నము చేయుటకు దానిని పెదవుల నడుమ త్రిప్పుకొనుడని వారికి నేర్పిరి. కొంతకాలమునకు వారి పండ్లూడినవి, దవడయెముకలు పుచ్చినవి, పలువురు మరణించిరి. 1927లో అయిదుగురు యువతులు న్యాయస్థానమున కెక్కి, 1928లో పరిహారము పొందిరి. పనిచేయువారి రోగమునకు పనిచేయించువారు బాధ్యులను మాట గట్టిపడుటకు ఆ బాలికల బాధ కొంత కారణమైనది. ఊపిరిలో బొగ్గుపొడి చేరిన మనుష్యులు మా వీథిలో కలరు గనుక, ఈ కథ మాకు దూరదేశపు కథగా తోచలేదు. తెలియని చోటినుండి వచ్చిన మిక్కిలి పాత గడియారము, ముఖ్యముగా విదేశపుది, ఇంటనున్నచో దాని మూత తీసి పూతను గీకవలదు. పిల్లల కాడుకొన నీయవలదు.

జనతాను మెచ్చిన యిల్లాండ్రును లేకపోలేదు. వారిలో నొకామె మాట మాకు మఱపునకు రాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది మృతులైరి. ఆమె పెనిమిటి వేఱొక గనిలోనివాడు. క్షేమముగా ఇల్లు చేరెను. కాని ఆనాటినుండి షిఫ్టు విడిచిన వేళ మొదలు ఆమె జనతాను చేతిలోనికి తీసికొని కూర్చుండెడిది. ల్యాంపు రూములో దీపమిచ్చి, స్నానము చేసి, సైకిలుపై వచ్చుటకు నలువది నిమిషములు. నలువది దాటినచో లేచి వాకిట నిలుచుండెడిది. "పైలట్ అయితే చీకట్ల కూడ కనబడుతుండె కదా, పెద్దమ్మా?" అని ప్రక్కనున్న కోడలు పిల్ల యడుగగా, ఆమె, "చీకటి పడ్డంక గడియారం చూసుడెందుకు? తోవ చూసుడే" అనెను. ఆమె పెనిమిటి విరమించి పెక్కేండ్లైనది. జనతా యిప్పటికిని నడుచుచున్నది. ఉదయము స్నానము కాగానే చాబి యిచ్చునది ఆమెయే; ఆయనకు గుర్తుండదట.

చాబి యిచ్చుటను కొందఱు విసుగుగా చెప్పిరి, కొందఱు వ్రతముగా చెప్పిరి. మా కది పోపులపెట్టె మూత తీయుట వంటి పని. లెక్కకు వచ్చునది కాదు. ఒక్కటి మాత్రము నిజము. స్ఫటికపు గడియారము నెలకు కొన్ని సెకన్లు మాత్రమే తప్పును. చాబి గడియారము దినమునకే కొన్ని సెకన్లో, వయసు మళ్లినచో నొకటి రెండు నిమిషములో తప్పును. రైలునందుకొనవలసినవారు దానినే నమ్మియుండరాదు. మా యింటివారి చేతిది జనతా. బడిగంట దానికి సరిపోవలెనని వారును, గంటకు గడియారము సరిపోవలెనని బంట్రోతును వాదించుకొందురు.

ఆడవారి చేతికి ఈ రెండును పెద్దవి కావా యని యడుగవచ్చును. హెచ్.ఎమ్.టి. వారు సుజాత యని చిన్న గడియారమును స్త్రీలకై చేసియుండిరి. మా యమ్మగారి తరమువారికి పెండ్లిలో పెట్టినది అదియే. అయినను మణికట్టు గడియారమే మొదట మగవాని సొత్తు కాదని మన పిన్నలు తెలిసికొనవలెను. బ్రెగే అను శిల్పి నేపిల్సు రాణికి చేతిగడియారమును 1810లో మొదలుపెట్టి 1812లో ముగించెను. 1868లో పాటెక్ ఫిలిప్ వారు హంగేరీదేశపు దొరసాని యొకామెకు కంకణమువంటి దానిని చేసిరి. మగవారు జేబుగడియారములకు గొలుసులు కట్టుకొని, చేతికి పెట్టుకొనుట ఆడంగుల సొగసని నవ్వెడివారు. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలో జేబు తడుముకొనుటకు వీలులేనప్పుడు గాని వారికి దాని విలువ తెలియలేదు. సిపాయి గడియారమను పేరు అప్పుడు వచ్చినది. కావున పైలట్ పెట్టుకొన్న పడుచుపిల్లను చూచి "మగవాని గడియార మేమిటే" యని యనువారికి చెప్పుటకు జవాబున్నది. భూగర్భగనులలో స్త్రీలను పనికి పెట్టరాదని 1952 నాటి గనుల చట్టము చెప్పుచుండెను; 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకై పగటివేళ స్త్రీలను దింపుటకు వీలు కల్పించినది. మైనింగు చదువుచున్న బాలిక యొకతె మా వీథిలో నున్నది. ఆమె తాతగారి పైలట్‌ను సన్నని తోలుపట్టీ వేయించి పెట్టుకొనుచున్నది. అది పెద్దదిగా కనబడుట లేదా యని మేమడిగితిమి. కనబడవలెననియే పెట్టుకొన్నానన్నది.

మఱి యేది కొనవలెను? మమ్మడిగినవారికి మేము చెప్పినది ఇది. ఇంటిలో తెల్లవాఱుజామున లేచు పనియుండి, గడియారము ప్రక్కనుంచుకొనువారు పైలట్ కొనవచ్చును. విరమించిన పెద్దకు, సభకు పెండ్లికి పెట్టుకొనుటకు జనతా చాలును. ప్రతిదినము చాబి యిచ్చు చేయి ఇంట లేనిచో రెండును వలదు. పాతముఖము పెట్టిన స్ఫటికపు గడియారములు మార్కెట్టులో కావలసినన్ని యున్నవి, అవియు చూచుటకు ముద్దుగానే యున్నవి.

ఇక మోసము సంగతి. అమ్మకమునకు వచ్చు పాత గడియారములలో, ముఖ్యముగా పైలట్లలో, ముఖము తిరిగి రంగు వేసినవి పెక్కు. ఎఱ్ఱనివి, ఊదారంగువి, చిలుకపచ్చవి చూచి మురిసిపోవుచున్నారు. అట్టి హోళీ రంగుల ముఖము కనబడగానే సందేహింపవలెను. అక్షరములు చెదరియున్నవా, అంకెల యంచులు ముద్దయైనవా, సెకండ్ల ముల్లు తిరుగు వలయము గీతలు వంకరగా నున్నవా చూడవలెను. ఒక గడియారము ముఖము, మఱియొకదాని యంత్రము, ఇంకొకదాని వెనుకమూత కలిపి కూర్చినవియు కలవు. మూత మరలపై గాట్లు పడియున్న పలుచేతులు మాఱినదని యర్థము. నడుచునంతవఱకు దోషమేమి యందురా, నడుచును. కాని తాతగారి నాటిదని నమ్మించి హెచ్చు వెల తీసికొనుటయే దోషము. చౌకగా, ఉన్నదున్నట్లు చెప్పి యమ్మినచో కొనవచ్చును.

ఇంటనున్న పాతదానిని మాత్రము రంగు వేయింపవలదు. ముఖము పసుపు పాఱినను అట్లే యుండనిండు. అద్దము ప్లాస్టిక్కుది గనుక గీతలు పడును. పండ్లు తోము పేస్టు కొంచెము మెత్తని గుడ్డపై వేసి మెల్లగా రుద్దిన పోవును. చాబి యిచ్చునపుడు చేతినుండి తీసి, బిగువు తగులగానే నిలుపవలెను. మూడు నాలుగేండ్ల కొకమారు విప్పి కడిగి నూనె వేయింపవలెను. మా యూరి గాలిలో బొగ్గుపొడి యుండనే యుండును. లీలావతి పెండ్లికూతురై నీటిగడియారములోనికి తొంగిచూడగా, ముత్యము జాఱి గిన్నె రంధ్రమున కడ్డుపడి ముహూర్తము తప్పినదని భాస్కరాచార్యుల కూతురి కథను 1587లో లీలావతీగణితమును పారసీకమునకు తెచ్చిన ఫైజీ పండితుడు చెప్పియున్నాడు. ముత్యమే యక్కఱలేదు, ఆవగింజలో పదవవంతు బొగ్గునలుసు చాలును. పట్టీ తడిసినచో ఆరిన తరువాతనే మరల పెట్టుకొనవలెను. ఫోను ప్రక్కను, స్పీకరుపైనను, ఇండక్షను పొయ్యి దగ్గఱను ఉంచరాదు. లోపలి సన్నని స్ప్రింగునకు అయస్కాంతము సోకినచో గడియారము పరుగెత్తనారంభించును. నాలుగింటికి లేవవలసిన యిల్లాలు మూడున్నరకే లేచి కూర్చుండును.